ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టేవాళ్లు ఏం కొనాలి: బెజవాడ, గుంటూరు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

వేసవి సెలవులు ఇచ్చారంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఒకరు పటమట నుంచి, ఒకరు బ్రాడీపేట నుంచి, ఇంకొకరు తెనాలి నుంచి. అందరిదీ ఒకటే మాట: "సార్, పిల్లవాడు రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానంటున్నాడు, ఏది కొనమంటారు?" ఒక్కొక్కరికీ అరగంట చెప్పి పెట్టేస్తాను. వారం తిరక్కుండా వాళ్ల తోడల్లుడో, పక్క ఫ్లాటాయనో అదే అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది.

## కొనక ముందు

యూట్యూబ్‌లో అమెరికావాళ్లు ఇంట్లోనే తూటాలు రీలోడ్ చేసుకుంటున్నారు, అంటే కాల్చేసిన ఖాళీ గొట్టాల్లో మందు, గుండు మళ్లీ నింపుకుంటున్నారు. దానికి వాడే ప్రెస్ అనే యంత్రం తెప్పించుకుని మనమూ చేసుకోవచ్చా?

వద్దు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. మన ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయకూడదు. అదే చట్టంలో 'తూటా' అనే మాటకిచ్చిన నిర్వచనంలోకి తూటా భాగాలూ, తూటాలు తయారుచేసే యంత్రాలూ వస్తాయి. అంటే మందు, గుండు ఏమీ లేకుండా ఉత్త ప్రెస్ తెప్పించుకున్నా చిక్కే. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం.

చట్టం సంగతి అటుంచినా, ఒలింపిక్ రైఫిల్ ఆడాలనుకునే పిల్లవాడికి దాంతో పనే లేదు. 50 మీటర్ల పోటీలో వాడేది 5.6 మి.మీ. రిమ్‌ఫైర్ తూటా. దాంట్లో మందుని అంటించే పదార్థం గొట్టం అడుగు అంచులోనే ఉంటుంది, ఒకసారి సూది దెబ్బ తగిలాక ఆ గొట్టం మళ్లీ పనికిరాదు. ప్రపంచ చాంపియన్లు కూడా ఫ్యాక్టరీ తూటాలే కొని, తమ బ్యారెల్‌కి ఏ బ్యాచ్ కుదురుతుందో పరీక్షించుకుంటారు. ఆ వీడియోల్లో చేసేది పెద్ద సెంటర్‌ఫైర్ (సూది దెబ్బ అడుగు మధ్యలో తగిలే) తూటాలు. వాటితో ఆడే 300 మీటర్ల పోటీ ఒలింపిక్స్‌లో చివరిసారి జరిగింది 1972లో. తూటాని మన బ్యారెల్‌కి తగ్గట్టు కుదుర్చుకోవాలన్న తపన మీకు ఉంటే, ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) ఎంచుకునే పని ఉంది. అది చట్టబద్ధం, ప్రమాదం తక్కువ, ఆ తృప్తీ దొరుకుతుంది.

ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ కావాలా?

బ్యారెల్ రంధ్రం 4.5 మి.మీ. మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే అక్కర్లేదు. పోటీలో వాడే ఎయిర్ రైఫిల్ ఈ హద్దుకి చాలా దిగువన ఉంటుంది. పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు, వేగం సెకనుకి 170 మీటర్లు అనుకుంటే లెక్క ఎనిమిది జౌళ్ల లోపే వస్తుంది. జాగ్రత్త పడాల్సింది ఎక్కడంటే, కొందరు "ఇదీ ఎయిర్ గన్నే కదా" అని 5.5 మి.మీ. రంధ్రం ఉన్నవీ, వేటకి తయారైన బలమైనవీ అంటగడతారు. వాటికి లైసెన్స్ కావాలి, పోటీలో అవి చెల్లవు కూడా. కొనేటప్పుడు గుర్తింపు కార్డు కాపీ ఇచ్చి, రైఫిల్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి. ఆ బిల్లు కాపీ ఎప్పుడూ రైఫిల్ పెట్టెలోనే ఉంచండి.

మా పాపకి పదకొండేళ్లు. ఇప్పుడే మొదలుపెట్టించొచ్చా?

మొదలుపెట్టించొచ్చు, కానీ నిలబెట్టి ఐదు కిలోల రైఫిల్ చేతికివ్వకండి. పోటీ రైఫిల్ బరువు 5.5 కిలోల వరకు ఉండొచ్చని నిబంధన. దాన్ని పట్టుకుని నిలబడాలంటే నడుము వెనక్కి, పక్కకి వంచాలి. పదకొండేళ్ల వెన్నెముక రోజూ గంటసేపు అలా ఉంటే మంచిది కాదు. ఆ వయసులో స్టాండు మీద ఆనించి కాల్చడం, గురి కుదుర్చుకోవడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం నేర్పిస్తే చాలు. పొట్ట, నడుము కండరాలకి వ్యాయామం తప్పనిసరి. పదమూడు, పద్నాలుగు వచ్చేసరికి నిలబడి కాల్చడం సహజంగా వస్తుంది. ఏడాది ఆలస్యమైనందుకు ఎవరూ వెనకబడిపోరు, వెన్ను నొప్పితో మానేసినవాళ్లని మాత్రం చూశాను.

రైఫిలా, పిస్టలా? గుంటూరు అబ్బాయి పిస్టల్‌లో పతకాలు తెచ్చాడు కదా?

అవును, నెలవల్లి ముఖేష్. 2024లో పెరూలోని లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో పిస్టల్‌తో గెలిచాడు. మనవాళ్లకి అది ఎంత ఉత్సాహమో చెప్పలేను. అయినా ఎంపిక మీ పిల్లల స్వభావాన్ని బట్టే ఉండాలి. రైఫిల్‌కి జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కావాలి, ఖర్చు ఎక్కువ. పిస్టల్‌కి అవేవీ లేవు, ఒంటిచేత్తో నిలబడాలి. కదలకుండా నిశ్శబ్దంగా ఎంతసేపైనా నిలబడగలిగే పిల్లలకి రైఫిల్ బాగా నప్పుతుంది. రేంజ్‌లో రెండూ నెల రోజులు పట్టించి చూడండి, వాళ్లే చెబుతారు.

మావాడికి కళ్లద్దాలున్నాయి. పనికొస్తాడా?

నిక్షేపంగా. పీప్ సైట్‌లోంచి, అంటే గురి చూసే సన్నని రంధ్రంలోంచి, చూసేటప్పుడు కన్ను స్పష్టంగా చూడాల్సింది బ్యారెల్ చివరి రింగుని, టార్గెట్ కొంచెం మసకగా కనిపించినా నష్టం లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, తల ముందుకి వంచినప్పుడు మామూలు ఫ్రేములో అద్దం మధ్యభాగం కాకుండా పక్క అంచులోంచి చూస్తారు. మొదట్లో ఫ్రేమును ముక్కు మీద కాస్త సర్దుకుంటే సరిపోతుంది. షూటింగ్ కోసం ప్రత్యేక ఫ్రేములు ఉన్నాయి, అవి ఏడాది తర్వాత ఆలోచించండి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "మీటరు దూరంలో ఉన్న రింగు స్పష్టంగా కనబడాలి" అని చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది.

డబ్బు కొంచెమే ఉంది. ముందు ఏది కొనాలి?

మంచి పెల్లెట్లు, రేంజ్ ఫీజు, కోచ్ సమయం. తర్వాత గ్లవ్, బూట్లు. ఆ తర్వాత జాకెట్. రైఫిల్ చివర్న. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. పుట్టినరోజుకి రైఫిల్ కొనేసి, పెల్లెట్లకి డబ్బు చాలక నెలకి ఒక డబ్బా కాలుస్తారు. రేంజ్ వాళ్ల రైఫిల్‌తో కనీసం మూడు నెలలు ఆడనివ్వండి. ఆ మూడు నెలల్లో చేతి పొడవు, మెడ తీరు, ఏ కన్ను బలమైనది, అసలు ఇష్టం నిలుస్తుందా లేదా అన్నీ తెలిసిపోతాయి. దేశంలో తయారైన స్ప్రింగ్ రైఫిల్ వేలల్లో దొరుకుతుంది, విదేశీ మ్యాచ్ రైఫిల్ లక్షల్లో ఉంటుంది. ఇంత తేడా ఉన్నచోట తొందరపడి కొంటే ఆ నష్టం చాలాకాలం గుర్తుంటుంది.

## రైఫిల్ ఎంపిక

స్ప్రింగ్ రైఫిల్ కొనాలా, గాలి సిలిండర్ ఉన్నదా?

పోటీ లక్ష్యమైతే సిలిండర్‌ది, అంటే పీసీపీ. స్ప్రింగ్ రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. పెల్లెట్ బ్యారెల్ దాటేలోగా రైఫిల్ వెనక్కీ ముందుకీ ఒకసారి ఊగుతుంది. కాల్చింది బాగానే ఉన్నా గురి తప్పొచ్చు, అప్పుడు తప్పు తనదో రైఫిల్‌దో పిల్లవాడికి తెలియదు. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే చెడ్డది లేదు. సిలిండర్ రైఫిల్ దాదాపు కదలదు.

అలాగని స్ప్రింగ్‌ది దండగ కాదు. బడిపిల్లల ఓపెన్ సైట్ (వెనక గాడి, ముందు ముల్లుతో గురి చూసే) పోటీల కోసం, గాలి నింపే ఏర్పాటు లేని ఊళ్లో ఉన్నవాళ్ల కోసం అది చాలు. దాంతో రెండు జాగ్రత్తలు. పెల్లెట్ పెట్టేటప్పుడు లీవర్‌ని రెండో చేత్తో పట్టుకునే ఉండాలి, జారితే వేళ్లు నలిగిపోతాయి. పెల్లెట్ లేకుండా ఉత్తుత్తిగా కాల్చకూడదు, పిస్టన్ నేరుగా గోడకి గుద్దుకుని సీలు పోతుంది.

ఏ కంపెనీది మంచిది?

రేంజ్‌లలో ఎక్కువగా కనిపించేవి జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్, ఆస్ట్రియా స్టైర్. మనదేశంలో ప్రెసిహోల్ వాళ్లు చేస్తున్నారు. మొదటి రెండేళ్లలో వీటి మధ్య తేడా మీ పిల్లల స్కోరులో కనబడదు. నేను చూసేది ఇంకోటి: సీలు పోతే, ట్రిగ్గర్ సర్దాలంటే దగ్గర్లో ఎవరు చేస్తారు? హైదరాబాద్‌లోనైనా సర్వీసు దొరికే రైఫిల్, దొరకని గొప్ప రైఫిల్ కన్నా మేలు.

రైఫిల్ ఒంటికి కుదిరిందా లేదా ఎలా తెలుస్తుంది?

ఇది మాత్రం తీరిగ్గా చూడాలి. పిల్లని పొజిషన్‌లో నిలబెట్టి, రైఫిల్ భుజానికి పెట్టమనండి. కళ్లు మూసుకోమనండి. రెండు ఊపిర్లు తీసుకున్నాక తెరవమనండి. సైట్ రంధ్రం సరిగ్గా కంటి ముందే ఉంటే కుదిరినట్టు. కన్ను తెరిచాక తల కొంచెం పైకెత్తినా, దించినా, మెడ చాచినా కుదరనట్టే. అప్పుడు చీక్ పీస్ (చెంప ఆనే భాగం) ఎత్తు మార్చాలి, లేదా బట్ ప్లేట్ (భుజానికి ఆనే భాగం) వెనక్కో ముందుకో జరపాలి.

దవడ ఎముక చీక్ పీస్ మీద బరువుగా ఆనాలి, చర్మం కాదు. నేను చూపుడు వేలితో పిల్లల దవడ కింద ఒత్తి చూస్తాను. కండ మెత్తగా ఉందంటే తల రైఫిల్ మీద నిజంగా వాలింది. బిగుసుకుని ఉంటే మెడే తలని మోస్తోంది, పదో షాట్‌కి వణుకు మొదలవుతుంది. జూనియర్ స్టాక్ (పిల్లల కొలతకి చేసిన రైఫిల్ వెనక భాగం) ఉన్న రైఫిళ్లు ఈ సర్దుబాటుకి ఎక్కువ అవకాశం ఇస్తాయి. పెద్దవాళ్ల రైఫిల్ కొని "ఎదుగుతాడులే" అనుకుంటే, ఎదిగేలోపు తప్పుడు పొజిషన్ అలవాటైపోతుంది.

కుడిచేతి వాటం, కానీ ఎడమ కన్ను బలమైనదట. ఏం చేయాలి?

రెండు అరచేతులూ చాచి మధ్యలో చిన్న సందు ఉంచి, ఆ సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడమనండి. ఒక్కో కన్ను మూస్తే ఏ కంటితో గడియారం కనబడుతుందో అదే బలమైన కన్ను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే కన్నుని బట్టే భుజం ఎంచుకోమంటాను, అంటే ఎడమ చేతివాటం రైఫిల్. ఇప్పటికే ఏడాదిగా కుడివైపు ఆడుతుంటే మార్చకుండా, ఎడమ కంటి ముందు చిన్న అడ్డు పెట్టుకోవచ్చు. దాని వెడల్పు 30 మి.మీ. మించకూడదని నిబంధన. కన్ను గట్టిగా మూసుకుని కాల్చడం మాత్రం అలవాటు చేయకండి, రెండో కన్ను కూడా అలసిపోతుంది.

ఓపెన్ సైట్, పీప్ సైట్ అంటారు. ఏమిటి తేడా? టెలిస్కోప్ పెట్టుకోవచ్చా?

ఓపెన్ సైట్ అంటే వెనక గాడి, ముందు ముల్లు. పీప్ సైట్ అంటే వెనక సన్నని రంధ్రం, ముందు గుండ్రటి రింగు, ఆ రింగు మధ్యలో నల్లటి టార్గెట్ నిలపాలి. బడి పోటీల్లోనూ కొన్ని రాష్ట్ర పోటీల్లోనూ రెంటికీ వేరువేరు విభాగాలుంటాయి. అంతర్జాతీయ పోటీ పీప్ సైట్‌తోనే. ముందు రింగు మరీ బిగుతుగా పెట్టుకోవద్దు. నల్లని చుక్క చుట్టూ తెల్లని అంచు ధారాళంగా కనబడేంత పెద్ద రింగు కొత్తవాళ్లకి మంచిది, బిగుతైన రింగు వణుకుని పెద్దది చేసి చూపిస్తుంది. టెలిస్కోప్ పోటీలో పనికిరాదు.

సెకండ్ హ్యాండ్‌ది కొనొచ్చా?

కొనొచ్చు, నేనూ అలాగే మొదలుపెట్టాను. నా మొదటి రైఫిల్ చూడముచ్చటగా ఉంది, కాల్చి చూస్తే గురి బాగుంది, డబ్బు కట్టేశాను. ఇంటికొచ్చి సిలిండర్ మీద చెక్కిన తేదీ చదివితే దానికి పదేళ్లు ఎప్పుడో దాటాయి. కొత్త సిలిండర్ తెప్పించుకునేదాకా నాలుగు నెలలు రైఫిల్ అటక మీదే ఉంది. ఇప్పుడు ఎవరితో వెళ్లినా ముందు తేదీయే చూస్తాను. తర్వాత రాత్రి గాలి నింపి పొద్దున్న మీటరు చూడాలి, ముల్లు దిగితే లీకుంది. సైట్ మీటలు తిప్పితే ప్రతి మెట్టుకీ 'టిక్' స్పష్టంగా వినబడాలి. బ్యారెల్ మూతి అంచున గీతలుండకూడదు. ఒరిజినల్ బిల్లు, రైఫిల్ మీది నంబరు ఒకటేనా చూసుకోండి. బిల్లు లేదంటే ఎంత చవకైనా వదిలేయండి.

## పెల్లెట్లు, గాలి

పెల్లెట్లలో రకాలెందుకు? అన్నీ 4.5 మి.మీ.యే కదా?

టార్గెట్ చూశారా? పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మి.మీ. ఆవగింజ దానికంటే పెద్దది. దాన్ని పది మీటర్ల దూరం నుంచి తాకాలి. అంత సూక్ష్మం దగ్గర పెల్లెట్ల మధ్య వెంట్రుకవాసి తేడా కూడా లెక్కకొస్తుంది.

పోటీకి చదునైన తల ఉన్న పెల్లెట్లే కొనండి, అవి కాగితాన్ని అచ్చుగుద్దినట్టు గుండ్రంగా కోస్తాయి. మొనదేలినవి కాగితాన్ని చింపేస్తాయి, స్కోరు చదవలేం. డబ్బా మీద 4.49, 4.50 అని తల కొలత రాసి ఉంటుంది. మీ బ్యారెల్‌కి ఏది నప్పుతుందో కంపెనీవాళ్లు చెప్పలేరు, కాల్చి చూడాల్సిందే. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, జేఎస్‌బీ పేరున్నవి. రోజువారీ సాధనకి చవకైనవీ వాడుకోవచ్చు.

మా రైఫిల్‌కి నప్పే పెల్లెట్ ఎలా కనుక్కోవాలి?

తూటా రీలోడింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఈ పనే సరైన పని. రేంజ్‌లో బల్లకి బిగించే క్లాంపు ఉంటే అడగండి. లేకపోతే ఇసుక సంచి మీద ఆనించండి. నాలుగు రకాల పెల్లెట్లు తీసుకోండి, స్నేహితుల దగ్గర యాభై యాభై అడిగితే ఇస్తారు, నాలుగు డబ్బాలు కొనక్కర్లేదు. రకం మార్చినప్పుడల్లా మొదటి పది షాట్లు లెక్కలోకి తీసుకోకండి. బ్యారెల్‌కి కొత్త సీసం పూత పట్టేదాకా అవి నిలకడగా వెళ్లవు. తర్వాత ఒకే చోటికి ఐదేసి షాట్లు, నాలుగు గ్రూపులు.

కాగితాన్ని వెలుగుకి పట్టి చూడండి. ఐదు పెల్లెట్లూ కలిపి ఒకే గుండ్రటి రంధ్రంలా, బయటి అంచు నుంచి అంచుకి ఆరు మి.మీ. లోపు ఉంటే ఆ పెల్లెట్ మీదే. నాలుగు కలిసి ఒకటి పక్కకి పోతే, ఆ ఒక్కటీ మీ చేతి తప్పా అని మళ్లీ కాల్చండి. మూడు గ్రూపుల్లోనూ అలాగే ఒకటి తప్పుకుంటుంటే పెల్లెటే సరిపడటం లేదు. ఫలితం కాగితం మీదే రాసి, పెల్లెట్ డబ్బా మీది బ్యాచ్ నంబరుతో సహా దాచండి. ఏడాది తర్వాత అదే బ్యాచ్ దొరికితే ఎంత సంతోషమో కాల్చేవాళ్లకే తెలుసు.

కాల్చే ముందు ఇంకో చిన్న పని. పెల్లెట్లని తెల్ల గుడ్డ మీద పరిచి, అడుగు అంచు సొట్ట పడినవి ఏరేయండి. డబ్బా కింద పడితే సగం సొట్టలే ఉంటాయి. బియ్యంలో రాళ్లేరినట్టు ఐదు నిమిషాల పని.

సిలిండర్‌లో గాలి ఎక్కడ నింపించాలి? ఆటోనగర్‌లో పట్టరా?

టైర్లకి గాలి పట్టే కంప్రెసర్ పనికిరాదు. రైఫిల్ సిలిండర్‌కి కావాల్సింది సాధారణంగా 200 బార్, కారు టైరులో ఉండేది రెండున్నర బార్. రేంజ్‌లోని పెద్ద సిలిండర్ నుంచో, పీసీపీ కోసం తయారైన చేతి పంపుతోనో నింపుకోవాలి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. వెల్డింగ్ షాపులో ఉండే ఆక్సిజన్ సిలిండర్ నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకండి. "అదీ గాలే కదా, ప్రెషర్ ఉంది కదా" అని ఒక తండ్రి నా ముందే బేరమాడబోయాడు. అధిక పీడనంలో ఆక్సిజన్, సీలు దగ్గరున్న నూనె, గ్రీజు కలిస్తే అంటుకుని పేలుతుంది. రైఫిల్ పిల్లవాడి చెంపకి ఆని ఉంటుంది. పొడి గాలి తప్ప ఇంకేదీ ఆ సిలిండర్‌లోకి వెళ్లకూడదు.

చేతి పంపు వాడితే తేమ వస్తుందంటున్నారు, నిజమేనా?

నిజమే. కృష్ణ ఒడ్డున ఆగస్టులో గాలి ఎంత చెమ్మగా ఉంటుందో మనకి తెలిసిందే. ఆ గాలిని నొక్కినప్పుడు నీరు విడిపోయి లోపలికి చేరి తుప్పు పట్టిస్తుంది. తేమ పీల్చే గుళికల ఫిల్టరు ఉన్న పంపే కొనండి, గుళికల రంగు మారగానే మార్చండి. ఏసీ గదిలో పంపు కొడితే గాలి కొంచెం పొడిగా ఉంటుంది. యాభై సార్లు కొట్టాక పది నిమిషాలు ఆపి, పంపు చల్లబడనివ్వండి.

సిలిండర్‌కి గడువు ఉంటుందా?

సాధారణంగా తయారైన తేదీ నుంచి పదేళ్లు. పోటీకి వెళ్తే పరికరాల తనిఖీలో చూస్తారు. ఎండలో ఆపిన కారులో సిలిండర్ వదలకండి.

## జాకెట్, బూట్లు

జాకెట్ తప్పనిసరా? మే నెలలో చచ్చిపోతాం కదా సార్!

మొదటి మూడు నెలలు అక్కర్లేదు. తర్వాత కావాలి. గట్టి కాన్వాస్, తోలుతో చేసిన జాకెట్ నడుముకి ఆసరా ఇస్తుంది, గుండె కొట్టుకునే అదురు రైఫిల్‌కి తగలకుండా అడ్డుకుంటుంది. ఎండ నిజమే. బెజవాడ వేసవిలో ఏసీ లేని రేంజ్‌లో గంట నిలబడితే చెమటకి జాకెట్ లోపలంతా తడుస్తుంది. పలచని పూర్తి చేతుల నూలు చొక్కా లోపల వేసుకోవాలి, ప్రతి పది షాట్లకి బొత్తాలు విప్పి ఊపిరి తీసుకోవాలి, మజ్జిగ పక్కనే ఉంచుకోవాలి. వేసవిలో పొద్దున్న ఏడింటికల్లా మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి ముగించమంటాను. ఇంటికెళ్లాక జాకెట్‌ని నీడలో, వెడల్పాటి హ్యాంగరుకి ఆరేయండి. ఎండలో ఆరేస్తే తోలు బిరుసెక్కి పగుళ్లిస్తుంది.

కొలతలిచ్చి కుట్టించుకోవాలా, రెడీమేడ్ చాలా?

ఎదిగే పిల్లలకి రెడీమేడ్, కాస్త వదులుది. ఎత్తు ఆగాక కుట్టించుకోండి. ఇక్కడ మామూలు దర్జీ దగ్గర కుట్టించి డబ్బు వృథా చేసుకున్నవాళ్లున్నారు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం గుడ్డ మందం ఒక పొర 2.5 మి.మీ., రెండు పొరలు 5 మి.మీ. మించకూడదు. మరీ బిరుసుగా ఉన్నా యంత్రంతో పరీక్షించి తిప్పిపంపుతారు. చేతులు కిందికి వేలాడేసి పిడికిలి బిగిస్తే, జాకెట్ అంచు పిడికిలి దిగువ దాటకూడదు. ఈ చివరిది షాపులోనే చూసుకోవచ్చు.

ప్యాంటు, బూట్లు, గ్లవ్‌లలో ఏది ముఖ్యం?

బూట్లు. చదునైన అడుగు, చీలమండకి పట్టు ఉంటే నిలకడ వెంటనే తెలుస్తుంది. అడుగు భాగం నిబంధన మేరకు వంగాలి, చెక్కలా ఉంటే తనిఖీలో పోతుంది. వాటితో రోడ్డు మీద నడవకండి, రేంజ్‌లోనే వేసుకుని అక్కడే విప్పండి, లేకపోతే అంచులు అరిగి నిలకడ పోతుంది. గ్లవ్ మొత్తం మందం 12 మి.మీ. దాటకూడదు. ప్యాంటు చివర్లో కొన్నా నష్టం లేదు.

## ఇంట్లో సాధన

మా ఫ్లాట్‌లో పది మీటర్లు లేవు. ఎలా?

పది మీటర్లంటే సుమారు 33 అడుగులు, అపార్ట్‌మెంట్లలో దొరకడం కష్టం. ఐదు మీటర్ల హాలు ఉంటే సగానికి తగ్గించిన టార్గెట్ పెట్టుకోవచ్చు. కంటికి అదే పరిమాణం కనబడుతుంది. టార్గెట్ మధ్యభాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి, దాని మీద మంచి ఎల్‌ఈడీ లైటు పడాలి.

నిజంగా పెల్లెట్ కాల్చాలంటే వెనక పెల్లెట్ ట్రాప్ తప్పనిసరి. చెక్కకీ, ఇటుక గోడకీ, నిటారుగా నిలబెట్టిన ఇనుప రేకుకీ కాల్చకండి, పెల్లెట్ తిరిగి మొహం మీదికొస్తుంది. ఆటోనగర్‌లో ఏ ఫ్యాబ్రికేషన్ షాపులోనైనా 3 మి.మీ. ఇనుప రేకుతో పెట్టెలాగా, వెనక రేకు 45 డిగ్రీలు కిందికి వాలేలా చేసిస్తారు. పెల్లెట్ దానికి తగిలి కింద అరలో పడుతుంది. టార్గెట్ వైపు తలుపు ఏదైనా ఉంటే గడియ వేయాలి, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ కళ్లకి రక్షణ పెట్టుకోవాలి, పెద్దవాళ్లు లేకుండా పిల్లలు రైఫిల్ తీయకూడదు. డాబా మీద, పెరట్లో వద్దు.

డ్రై ఫైర్ అంటే ఏమిటి? దానివల్ల లాభముందా?

పెల్లెట్ లేకుండా గురిచూసి ట్రిగ్గర్ నొక్కడం. పీసీపీ రైఫిళ్లలో దీనికి ప్రత్యేక మీట ఉంటుంది. లాభం చాలా ఉంది. పెల్లెట్ కాలిస్తే పిల్లవాడి ధ్యాసంతా స్కోరు మీదికి పోతుంది. డ్రై ఫైర్‌లో ట్రిగ్గర్ పడిన క్షణాన రింగు ఎటు కదిలిందో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. తెల్ల గోడ ముందు రోజూ ఇరవై నిమిషాలు చేసిన పిల్లలు, వారానికోసారి వంద పెల్లెట్లు కాల్చేవాళ్ల కంటే త్వరగా ముందుకెళ్లడం ఏటా చూస్తున్నాను. డ్రై ఫైర్ అయినా సరే, చాంబర్ (పెల్లెట్ పెట్టే చోటు) ఖాళీగా ఉందని ఇద్దరు చూడాలి.

పెల్లెట్లు సీసంతో చేస్తారు కదా, పిల్లలకి ప్రమాదం కాదా?

జాగ్రత్తలు పాటిస్తే భయం లేదు, కానీ పాటించి తీరాలి. పెల్లెట్లని నోట్లో పెట్టుకోకూడదు, కొందరు పిల్లలు పెదాల మధ్య పట్టుకుంటారు. కాల్చే చోట ఏమీ తినకూడదు. అయిపోగానే సబ్బుతో చేతులు కడగాలి. ట్రాప్ దగ్గర పొడి చీపురుతో ఊడిస్తే సీసపు దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఇంట్లో కాల్చడం మానేసి డ్రై ఫైర్‌తో సరిపెట్టుకోండి.

పొలంలో పిట్టల మీద సాధన చేస్తే?

చేయకండి. పక్షుల్ని కొట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసవుతుంది. గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువుకి ఎక్కడెక్కడి నుంచో పక్షులొస్తాయి, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి చూపించండి. కదలని టార్గెట్ మీద నేర్చుకున్న ఓపికే పోటీలో పనికొస్తుంది.

## పోటీలు, ప్రయాణం

పోటీకి ఎప్పుడు పంపాలి? అక్కడ ఎలా ఉంటుంది?

నిలబడి అరవై షాట్లు ఆగకుండా కాల్చగలిగినప్పుడు. స్కోరు ఎంతన్నది తర్వాత. 60 షాట్లకి ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 75 నిమిషాలు, కాగితం టార్గెట్లయితే 90 నిమిషాలు. అంతకుముందు 15 నిమిషాలు సర్దుకోవడానికి, సైట్ దిద్దుకోవడానికి ఇస్తారు. ఒక్కో షాట్‌కి గరిష్ఠం 10.9, మొత్తం 654. రాష్ట్ర పోటీ, ఆపైన జోన్, ఆపైన జాతీయ పోటీ. ఏ మెట్టుకి ఎంత స్కోరు కావాలో ఆ ఏడాది ప్రకటన చూసుకోవాలి. బ్యారెల్‌లో నారింజ రంగు సేఫ్టీ దారం (లోపల పెల్లెట్ లేదని చూపించేది) లేకుండా పెట్టె తెరిచి రైఫిల్ బయట పెడితే హెచ్చరిక వస్తుంది, కాబట్టి దారం రెండు ముక్కలు ఉంచుకోండి.

రైలులో, విమానంలో రైఫిల్ ఎలా తీసుకెళ్లాలి?

తాళం వేసిన గట్టి పెట్టెలో. బిల్లు కాపీ, గుర్తింపు కార్డు, పోటీ ఆహ్వాన పత్రం పైనే ఉండాలి. బస్సులో కవర్లో చుట్టి తీసుకెళ్తే చూసినవాళ్లు భయపడతారు. విమానానికైతే సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి రైఫిల్ నుంచి విడదీయాలి, గన్నవరం కౌంటరులో ముందే చెప్పి లగేజీలో వేయాలి. టికెట్ తీసుకునేటప్పుడే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి వాళ్ల పద్ధతి కనుక్కోండి, మామూలు కన్నా గంట ముందు వెళ్లండి.

తర్వాత .22 రైఫిల్‌కి మారాలంటే?

అది అసలైన తుపాకీ, లైసెన్స్ తప్పనిసరి. సొంతంగా లైసెన్స్ పొందాలంటే 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవాళ్లు నిబంధనల ప్రకారం క్లబ్బులో, పర్యవేక్షణలో శిక్షణ పొందుతారు. దరఖాస్తు బెజవాడవాళ్లు పోలీసు కమిషనర్ కార్యాలయంలో, గుంటూరువాళ్లు కలెక్టరు కార్యాలయంలో పెట్టుకోవాలి. తూటాలు ఫ్యాక్టరీవే, లైసెన్స్ మీద కొన్న లెక్కతో సహా రాసుకోవాలి. 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదీ గగన్ నారంగ్ ఆ పతకం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. ఎయిర్ రైఫిల్‌లో నిలకడగా 610 దాటేదాకా .22 మాట ఎత్తొద్దని మా పిల్లలకి చెబుతాను.